కంటి పరీక్షకు మన కార్డు చెల్లుతుందా?



మా కంటి విభాగం ముందున్న బల్ల మీద కూర్చున్నవారు లోపలికి రాగానే మొదట చెప్పేది చూపు సంగతి కాదు. కవరులోంచి కార్డు తీసి, "సార్, ఇది ఇక్కడ చెల్లుతుందా?" అని అడుగుతారు. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. చెల్లుతుందంటే సగం అబద్ధం, చెల్లదంటే సగం అబద్ధం. అందుకే ఆ జవాబును ఈ పుస్తకంలో కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

కొంతకాలం క్రితం పెద్దారవీడు మండలంలోని ఒక పల్లె నుండి అరవై దాటిన ఒక పెద్దామె వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రేషను కార్డు, ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు. "మార్కాపురంలో మూడు కళ్ళజోళ్ళ షాపులు తిరిగినానయ్యా. కార్డు చూపిస్తే చెల్లదు పొమ్మంటున్నారు. ఈ కార్డుకి అద్దాలు ఇచ్చేవాళ్ళు యాడుండారో ఆ ఒక్కటీ చెప్పు" అని అడిగింది. ఆమె ఇబ్బంది చిన్నది కాదు. మిరపకాయల్లో తాలుకాయలు ఏరే పనికి పోయేది. చూపు ఆనక మంచి కాయలూ తాలుకాయలూ కలిపేస్తోందని ఆ సంవత్సరం కూలికి పిలవలేదు. ఇంట్లో బియ్యం ఏరలేకపోతోంది, బస్సు మీద ఊరి పేరు కనబడటం లేదు. వీటన్నిటికంటే పని పోయిందన్నదే ఆమె బాధ.

ఆమె అడిగిన ఇంకో మాట మాకు బాగా గుర్తుండిపోయింది. "మా ఆయన గుండెకు ఆపరేషన్ చేసినప్పుడు ఇదే కార్డు. అప్పుడు రూపాయి తీసుకోలా. గుండెకు చెల్లిన కార్డు కంటికి ఎందుకు చెల్లదు?"

అడగవలసిన ప్రశ్నే.

కార్డు దేని కోసం పుట్టింది?

ఈ పథకం 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ అనే పేరుతో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, తరువాత రాష్ట్రమంతటికీ వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. ఎన్టీఆర్ వైద్య సేవ అన్నారు, 2019 తరువాత వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ అన్నారు, 2024 నుండి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. జనం మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు, మేము కూడా ఇక్కడ అలాగే వ్రాస్తాము.

ఇది పుట్టినది ఒక ప్రత్యేకమైన కష్టం కోసం. గుండె జబ్బో, క్యాన్సరో, మూత్రపిండాల జబ్బో వస్తే పేదవాడు పొలం అమ్ముకొని ఆసుపత్రికి పోయేవాడు. ఆ పెద్ద ఖర్చు నుండి కుటుంబాన్ని కాపాడడమే దీని ఉద్దేశము. కావున ఇది ముఖ్యంగా ఆసుపత్రిలో చేర్చుకొని చేసే ఆపరేషన్లకు, చికిత్సలకు డబ్బు కడుతుంది. ఏ ఏ చికిత్సలకు కడుతుందో ఒక జాబితా ఉంటుంది. ఆ జాబితాలో కంటికి సంబంధించినవి కూడా కొన్ని ఉన్నాయి. రెటీనా ఊడిపోవడం, నల్లగుడ్డు మార్పిడి వంటివి అటువంటివి. అయితే షాపులో కూర్చోబెట్టి అక్షరాల బోర్డు చదివించే పరీక్షకు, ఫ్రేముకు, అద్దాలకు ఈ పథకం డబ్బు కట్టదు. కళ్ళజోళ్ళ షాపు ఈ పథకంలో ఉండే ఆసుపత్రి కాదు. ఆ పెద్దామె మూడు షాపులు కాదు, ముప్పై తిరిగినా ఇదే జవాబు వచ్చేది. మా ఆసుపత్రిలో కూడా కళ్ళజోడుకు ఆ కార్డు పనికిరాదు. ఈ మాట చెప్పడానికి మాకేమీ సంతోషం లేదు. కానీ తెలియక తిరిగే బస్సు చార్జీలైనా మిగులుతాయని చెబుతున్నాము.

కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరులో మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ కార్డు కూడా ఇదే కోవలోనిది. అది కూడా ఆసుపత్రిలో జరిగే చికిత్స కోసమే గాని షాపులో ఇచ్చే కళ్ళజోడు కోసం కాదు.

ఇది మన దేశానికే ఉన్న లోటు అనుకోవద్దు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళివచ్చిన పెద్దవాళ్ళు మన పల్లెల్లోనూ ఉన్నారు. అక్కడ ముసలివారికి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ అనే బీమా కూడా మామూలు కళ్ళజోడుకు డబ్బు కట్టదు. శుక్లం ఆపరేషన్ చేసి లోపల లెన్సు పెట్టిన తరువాత మాత్రం ఒక జోడుకు సాయం చేస్తుంది. ఇంగ్లండులో 1948లో ప్రభుత్వ వైద్య సేవ మొదలైనప్పుడు అందరికీ కళ్ళజోళ్ళు ఉచితంగా ఇచ్చారు. మూడేళ్ళు తిరగకముందే, 1951లో, వాటికి రుసుము పెట్టారు. ఈనాటికీ అక్కడ అరవై ఏళ్ళు దాటినవారికీ, పిల్లలకూ, షుగరు ఉన్నవారికీ చూపు పరీక్ష ఉచితమే. ధనిక దేశాలు సైతం కళ్ళజోడు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి లాగుతుంటాయి.

మరి మన దగ్గర దారి లేదా అంటే ఉంది. అది కార్డు దారి కాదు, అంతే.

అద్దాలకు పరీక్ష చేసేవారు ఎవరు?

దారి చెప్పేముందు ఒక గందరగోళం తీర్చాలి. తెల్లకోటు వేసుకొని కంట్లోకి లైటు వేసిన ప్రతివారినీ మనం కంటి డాక్టరు అంటాము. నిజానికి వీరు వేరువేరు.

కంటి డాక్టరు అంటే వైద్య విద్య చదివి, ఆపైన కంటి వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందినవారు. మందులు వ్రాయడం, ఆపరేషన్లు చేయడం వీరి పని. ఆప్టోమెట్రిస్టు అంటే చూపును కొలిచి ఎంత పవరు అద్దాలు కావాలో తేల్చేవారు. కంట్లో జబ్బు ఉన్నట్టు అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి పంపడం కూడా వీరి బాధ్యతే. ఇందులో నాలుగేళ్ళ డిగ్రీ ఉంది, అంతకంటే తక్కువ కాలపు డిప్లొమాలు కూడా ఉన్నాయి. 2021లో కేంద్రం చేసిన ఒక చట్టం ఆప్టోమెట్రిస్టులను గుర్తింపు పొందిన వైద్య వృత్తులవారిలో చేర్చింది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పని చేసేవారిని ఆప్తాల్మిక్ అసిస్టెంటు లేక ఆప్తాల్మిక్ ఆఫీసరు అంటారు. చాలామందికి ఈ పేరే తెలియదు. కానీ మనం వెతుకుతున్న మనిషి ఈయనే.

ఇక షాపులో కంప్యూటరు పరీక్ష అని బోర్డు పెడతారు. గడ్డం ఆనించి లోపల బొమ్మ చూడమంటారు, చీటీ బయటకు వస్తుంది. ఆ యంత్రం ఇచ్చేది ఒక అంచనా మాత్రమే. దాని తరువాత ఒక్కొక్క అద్దం మార్చి, "ఇప్పుడు బాగుందా, ముందరిది బాగుందా" అని అడుగుతూ సరిచూడాలి. అలా అడగకుండా చీటీ మీద అంకె చూసి అద్దాలు కోస్తే తలనొప్పి, కళ్ళు తిరగడం తప్పవు.

ఉచితంగా ఎక్కడ చూస్తారు?

అంధత్వ నివారణకు దేశంలో 1976 నుండే ఒక జాతీయ కార్యక్రమం ఉంది. ఆరోగ్యశ్రీ కంటే ముప్పై ఏళ్ళు పాతది. శుక్లం ఆపరేషన్లు, బడిపిల్లల కంటి పరీక్షలు, పేద పిల్లలకు కళ్ళజోళ్ళు, దగ్గరి చూపు తగ్గిన పెద్దవారికి చత్వారపు అద్దాలు, ఇవన్నీ దీని కిందికి వస్తాయి. జిల్లాల్లో దీనిని అంధత్వ నివారణ సంఘాల ద్వారా నడిపిస్తారు. దీనికి ఆరోగ్యశ్రీ కార్డు అక్కరలేదు.

కనుక పెద్దారవీడు మండలంవారు మొదట వెళ్ళవలసినది కళ్ళజోళ్ళ షాపుకు కాదు. మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, ఏ.ఎన్.ఎం.ను గాని, పెద్దారవీడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని ఒక్క ప్రశ్న అడగండి: "కంటి పరీక్ష చేసే ఆఫీసరు ఏ రోజు, ఎక్కడ ఉంటారు?" అన్ని కేంద్రాల్లో ఆ మనిషి రోజూ ఉండరు. ఒక్కరే నాలుగైదు కేంద్రాలు చూసుకునేచోట్లు ఉన్నాయి. రోజు తెలుసుకోకుండా పోతే కుర్చీ ఖాళీగా ఉంటుంది. అప్పుడు "సర్కారు ఆసుపత్రిలో ఎవరూ ఉండరు" అని తిరిగి వచ్చి షాపుకు పోతారు. ముందుగా ఫోను చేయించి కనుక్కుంటే ఆ కూలి దండగ తప్పుతుంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని ఇప్పుడు పిలుస్తున్న పల్లె కేంద్రాల్లో కూడా కంటి సమస్యలను మొదటగా గుర్తించి పైకి పంపడం వారి పనుల్లో ఒకటిగా ఉంది.

ఆ తరువాతి మెట్టు మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రి. కంభం, గిద్దలూరు వైపువారు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో అడగాలి. గిద్దలూరువారికి ఒంగోలు కంటే నంద్యాల దగ్గర, రైలు కూడా ఉంది, కనుక పెద్ద పరీక్ష వ్రాసినప్పుడు నంద్యాలకు పంపవచ్చునా అని డాక్టరును అడగడంలో తప్పు లేదు. ఎవరూ తమంతట తాము ఈ మాట చెప్పరు. ఒంగోలు సర్వజన ఆసుపత్రికి పోవలసినవారు పొద్దున్నే అక్కడికి చేరేలా బయలుదేరాలి, ఓ.పి. చీటీలు మధ్యాహ్నం దాకా ఉండవు.

ప్రభుత్వం బయట కూడా ఒక దారి ఉంది. హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థకు మార్కాపురంలో ఒక కంటి కేంద్రం ఉంది. ఆ సంస్థ పద్ధతి మెట్లు మెట్లుగా ఉంటుంది. అడుగున సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటరు, దానిపైన ఆపరేషన్లు చేయగల కేంద్రం, ఆపైన విజయవాడ, విశాఖపట్నం వంటిచోట్ల పెద్ద ఆసుపత్రులు. విజన్ సెంటర్లలో ఆ పనికోసమే శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్లు చూపు పరీక్షించి అద్దాలు వ్రాస్తారు. డబ్బు కట్టలేనివారికి ఆపరేషన్ ఉచితంగా చేసే ఏర్పాటు అక్కడ ఉంది. మన ప్రాంతంవారికి ఇది చేతికందే దూరంలో ఉన్న సౌకర్యం. అయినా కార్డు చెల్లదేమోనన్న భయంతో గేటు దాటి లోపలికి వెళ్ళనివారిని మేము చూశాము.

"మళ్ళీ కంటి వెలుగువాళ్ళు ఎప్పుడొస్తారు?" అని అడిగేవారు ఇంకా ఉన్నారు. ఆ కార్యక్రమం మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైంది. మొదట 60 లక్షలకు పైగా బడిపిల్లల కళ్ళు చూశారు. 2020 ఫిబ్రవరిలో అవ్వాతాతల వంతు వచ్చింది. అప్పుడు ఇచ్చిన కళ్ళజోడునే ఇప్పటికీ తాడు కట్టి వాడుతున్న తాతలున్నారు. కళ్ళజోడు పవరు ఎన్నేళ్ళయినా ఒకే తీరుగా ఉండదు. ఇంటిముందుకు ఎవరో వచ్చి పిలుస్తారని ఎదురు చూడవద్దు.

షాపుకే వెళ్ళవలసి వస్తే

పైన చెప్పినచోట్ల పవరు వ్రాసి ఇచ్చినా అన్నివేళలా కళ్ళజోళ్ళు నిల్వ ఉండవు. అప్పుడు షాపుకు పోక తప్పదు. ఫరవాలేదు. చేతిలో ఉచితంగా వ్రాయించుకున్న చీటీ ఉంటే సగం ఖర్చు, ముప్పాతిక మోసం తప్పినట్టే. చీటీ మీద కుడి కంటికి, ఎడమ కంటికి విడివిడిగా పవరు ఉండాలి. సిలిండరు పవరు ఉంటే దాని కోణం కూడా ఉండాలి. రెండు కంటిపాపల మధ్య దూరం వ్రాయమని అడగండి. ఈ చీటీ మీది. ఏ షాపులోనైనా చూపించవచ్చు. జాగ్రత్తగా దాచుకుంటే వచ్చే ఏడాది పరీక్ష చేసేవారికి ఎంత మారిందో తెలుస్తుంది. ఇది మామూలు సంగతి కాదు, ఎందుకో కింద చెబుతాము.

షాపులో ఫ్రేము ధర, అద్దం ధర వేరువేరుగా చెప్పమనండి. కంప్యూటరు కోటింగనీ, నీలి కాంతి ఆపుతుందనీ చెప్పి ధర పెంచుతారు. మిరపకాయలు ఏరే మనిషికి, గొర్రెలు కాచే మనిషికి అవేవీ అవసరం లేదు. గీతలు పడని గట్టి ప్లాస్టిక్ అద్దం, చెవికి నొక్కని ఫ్రేము ఉంటే చాలు. పలకల గనుల్లో, రాళ్ళు కోసే మిల్లుల్లో పనిచేసేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చూపు అద్దాలు కంటికి రక్షణ కావు. రాతి పెళ్ళలు ఎగిరేచోట పక్కలు కూడా మూసి ఉండే రక్షణ అద్దాలు వేరుగా పెట్టుకోవాలి.

సంతలో, బస్టాండులో అమ్మే రెడీమేడ్ అద్దాల గురించి కూడా అడుగుతుంటారు. నలభై దాటిన తరువాత సూదిలో దారం ఎక్కించలేకపోవడం చత్వారం. రెండు కళ్ళూ ఒకేలా ఉండి, దూరపు చూపు బాగుండి, దగ్గర మాత్రమే మసకగా ఉంటే అటువంటి అద్దాలు పని జరిపిస్తాయి, కంటికి హాని చేయవు. అయితే అవి కొనుక్కోవడానికి ముందు ఒక్కసారైనా కంటి పరీక్ష జరిగి ఉండాలి.

అద్దాలతో తీరని మసక

ఇక్కడ ఒక మనిషి సంగతి చెప్పాలి. యాభై అయిదేళ్ళ రైతు. మొదట ఎడమ కన్ను మసకగా ఉందని ఒక షాపుకు వెళ్ళి అద్దాలు తీసుకున్నాడు. ఏడాదికి మళ్ళీ మసక అయితే మరొక షాపులో పవరు మార్పించాడు. రెండేళ్ళలో మూడు జతలు. ఎవరూ కంట్లోపల ఒత్తిడి చూడలేదు, ఎవరూ కంటి నరం చూడలేదు. పక్కనుండి వచ్చే బండి కనబడక మోటారు సైకిలు మీదనుండి పడిన తరువాత, చేతికి కట్టు కట్టించుకోవడానికి వచ్చి మా కంటబడ్డాడు. పరీక్షిస్తే నీటికాసులు. గ్లకోమా అంటారు. ఎడమ కంటి చూపు దాదాపుగా పోయింది. కుడి కంటిలో మిగిలినదాన్ని నిలబెట్టడానికి ఇప్పుడు రోజూ చుక్కలు వేసుకుంటున్నాడు.

నీటికాసుల్లో చాలావరకు నొప్పి ఉండదు. పక్కచూపు కొద్దికొద్దిగా తగ్గుతుంది, నడిమి చూపు చివరిదాకా ఉంటుంది. కనుక షాపు గోడ మీది అక్షరాలు చదవగలుగుతారు. "పవరు కొంచెం పెరిగింది" అని పంపించేస్తారు. పోయిన చూపు మందుతో గాని, ఆపరేషనుతో గాని తిరిగి రాదు. ఇంట్లో అమ్మకో నాన్నకో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే, నలభై దాటిన మిగిలినవారందరూ కంటి ఒత్తిడి, నరం పరీక్ష చేయించుకోవాలి. ఆ రైతు తమ్ముడికి ఈ మాట చెప్పి పిలిపించడానికి మాకు ఆరు నెలలు పట్టింది. "నాకు బాగానే కనబడుతోంది గదా" అంటాడు. అన్న కూడా అలాగే అనేవాడు.

షుగరు ఉన్నవారిది ఇంకొక రకం. చూపు బాగా ఉన్నప్పుడే కంటి వెనుక పొరలో రక్తనాళాలు దెబ్బతింటాయి. ఏడాదికి ఒకసారి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి లోపల చూడాలి. దీనికి షాపు పరీక్ష ఏ విధంగానూ పనికిరాదు. షుగరు మందులు తీసుకోవడానికి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినప్పుడే కంటికి ఎక్కడికి పంపుతారో అడిగి చీటీ వ్రాయించుకోండి. అన్నట్టు, షుగరు ఒకే రోజున బాగా ఎక్కువ తక్కువలవుతున్నప్పుడు అద్దాల పవరు చూపించుకుంటే తప్పు పవరు వస్తుంది. ముందు షుగరు అదుపులోకి తెచ్చుకొని తరువాత అద్దాలు మార్చుకోవాలి.

పొలంలో కంకి, ఆకు, ముల్లు తగిలి కన్ను ఎర్రబడితే అద్దాల సంగతి అసలే ఎత్తవద్దు. ఆకు పసరు, చనుబాలు, ఆముదం పోయకుండా, మందుల షాపులో అడిగి ఏదో చుక్కలు వేయకుండా, అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. నల్లగుడ్డు మీద పుండు పడితే మచ్చ మిగులుతుంది. ఆ మచ్చకు అద్దాలు లేవు.

మన తెలుగునాట 1996 నుండి 2000 వరకు ఎల్.వి.ప్రసాద్ సంస్థవారు నాలుగు జిల్లాల్లో పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించి ఒక పెద్ద అధ్యయనం చేశారు. అంధత్వంలో సుమారు 60 శాతానికి శుక్లం, అద్దాలు లేకపోవడం ఈ రెండే కారణమని తేలింది. అంటే అయిదుగురు చూపులేనివారిలో ముగ్గురికి ఆపరేషనుతోనో, కళ్ళజోడుతోనో చూపు వచ్చేది. మిగిలిన ఇద్దరి సంగతి ఆ రైతులాంటిది. ఎవరు ఏ కోవలో ఉన్నారో చెప్పగలిగేది పరీక్ష ఒక్కటే.

శుక్లం ఆపరేషను

శుక్లం ముదిరిన తరువాతే తీయించుకోవాలనే మాట పాతకాలపుది. పని చేసుకోవడానికి చూపు చాలనప్పుడు తీయించుకోవచ్చు. మరీ ముదిరితే ఆపరేషను కష్టమవుతుంది, కంట్లో ఒత్తిడి కూడా పెరగవచ్చు. చలికాలంలోనే చేయించుకోవాలన్నదీ నిజం కాదు. చుక్కలతో శుక్లం కరిగిస్తామనేవారిని నమ్మవద్దు.

పైన చెప్పిన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, దానితో ఒప్పందం ఉన్న స్వచ్ఛంద ఆసుపత్రుల్లోనూ లెన్సుతో సహా ఉచితంగా చేస్తారు. కొన్నిచోట్ల పథకం కార్డు మీద కూడా చేయవచ్చు. కనుక ఆసుపత్రిలో అడగవలసిన ప్రశ్న "కార్డు చెల్లుతుందా" అని కాదు. "నా కంటికి ఏమి జబ్బు? దానికి ఇక్కడ ఏ పథకం కింద ఉచితంగా చేస్తారు?" అని అడగండి. పథకం ఉన్న ఆసుపత్రిలో లోపలికి అడుగు పెట్టగానే మిత్ర బల్ల ఉంటుంది. ఆయనతో మాట్లాడండి. లెన్సుకు విడిగా ఇంత కట్టమని ఎవరైనా అంటే, ఎందుకో కాగితం మీద వ్రాసి ఇమ్మని అడగండి. సందేహం తీరకపోతే ఆరోగ్యశ్రీకి 104, ఆయుష్మాన్ కార్డుకు 14555 నంబర్లకు ఫోను చేయండి. డబ్బు కట్టక ముందే చేయాలి సుమా. పథకాల నియమాలు మారుతుంటాయి కాబట్టి, పక్కింటివారికి రెండేళ్ళ క్రితం ఎలా జరిగిందో దాన్నిబట్టి నిర్ణయించుకోవద్దు.

ఊళ్ళో పెట్టే కంటి శిబిరాల్లో పరీక్ష చేయించుకోవడం మంచిదే. ఆపరేషన్ మాత్రం థియేటరు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. శిబిరంవారు తీసుకువెళ్ళేటప్పుడు ఆసుపత్రి పేరు, తిరిగి చూపించుకోవలసిన తేదీ తెలుసుకొని ఇంట్లోవారికి చెప్పండి. ఆపరేషన్ అయిన తరువాత నొప్పి గాని, ఎరుపు గాని, చూపు తగ్గడం గాని ఉంటే ఆ తేదీ వరకు ఆగకూడదు.

పిల్లల సంగతి

పిల్లలు కనబడటం లేదని చెప్పరు. అందరికీ అలాగే కనబడుతుందనుకుంటారు. నల్లబల్ల మీది అక్షరాలకు పక్కవాడి పుస్తకం చూసి వ్రాసుకోవడం, టి.వి.కి ముక్కు ఆనించి కూర్చోవడం, ఒక కన్ను మూసి చూడడం గమనించాలి. 2013 నుండి బడులకు, అంగన్‌వాడీలకు బాలల ఆరోగ్య పరీక్షల బృందాలు వస్తున్నాయి. వారు వచ్చినరోజు మీ పిల్లవాడు బడికి పోలేదంటే తరువాత హెడ్మాస్టరు గారిని అడిగి ఆరోగ్య కేంద్రానికి పంపించండి. ఒక కన్ను బాగా మసకగా ఉన్న పిల్లలకు ఏడెనిమిదేళ్ళలోపు అద్దాలు పెట్టకపోతే ఆ కన్ను సోమరిదైపోతుంది, పెద్దయ్యాక ఎంత మంచి అద్దం పెట్టినా సరిగా చూడలేదు. ఆడపిల్లకు అద్దాలు పెడితే పెళ్ళి కాదని దాచిపెట్టే తల్లులు ఇంకా ఉన్నారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన ఒక పిల్లను అడిగితే, "చదువు రావట్లేదు" అంది. ఆ పిల్లకు రావలసింది చదువు కాదు, రెండు పాయింట్ల మైనస్ అద్దాలు.

వచ్చేటప్పుడు

ఆధార్, రేషను కార్డు, ఉన్న పథకం కార్డులు, పనిచేసే ఫోను నంబరు తెచ్చుకోండి. పాత కళ్ళజోడు విరిగినా సరే తీసుకురండి, దాని పవరు మేము కొలవగలము. వాడుతున్న మందుల చీటీలు, షుగరు, బి.పి. ఉంటే ఆ కాగితాలు కావాలి. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు దగ్గరి చూపు మసకగా ఉండి వెలుతురు చూడలేరు. అందుకే ఒక మనిషిని తోడు తెచ్చుకోవాలి, ఆ రోజు బండి నడపకూడదు.

మొదట చెప్పిన ఆ పెద్దామెకు పరీక్షిస్తే కుడి కంట్లో శుక్లం, ఎడమ కంటికి మామూలు అద్దాల పవరు ఉన్నాయి. మూడు షాపుల్లో ఎవరైనా ఆమెకు అద్దాలు అమ్మి ఉంటే కుడి కంటికి పెట్టిన డబ్బు వృథా అయ్యేది. ఒక విధంగా కార్డు చెల్లకపోవడమే మేలైంది. శుక్లం ఆపరేషను అంధత్వ నివారణ కార్యక్రమం కింద ఉచితంగా జరిగింది. నెలన్నర తరువాత రెండు కళ్ళకూ పవరు చూసి చీటీ వ్రాశారు. కళ్ళజోడు మాత్రం ఆమె డబ్బులతోనే, అంతకుముందు చెల్లదు పొమ్మన్న షాపుల్లోనే ఒకదాంట్లో చేయించుకుంది. తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడు మిరపకాయల కాలం అయిపోయింది, కంది ఏరే పనికి పోతున్నానని చెప్పింది. వెంట తన చెల్లెలిని తీసుకువచ్చింది. ఆ చెల్లెలు లోపలికి రాగానే కవరులోంచి కార్డు తీయబోతే, "అది తర్వాత, ముందు కన్ను చూపించు" అంది.